కాగితం అందిన నాడే గడువు మొదలు

అనంతపురం కోర్టు రోడ్డులో మా లాయరుగారి ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకాయన కూర్చొని ఉన్నాడు. బెళుగుప్ప వైపు పల్లె, వేరుశెనగ రైతు. పైజేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "కోర్టు నుంచి నోటీసు వచ్చిండాది సార్, వాయిదా ఎప్పుడో చూసి చెప్పండి. ఆ పొద్దు వచ్చి మాట్లాడుకుంటా" అన్నాడు.

మడత విప్పాను. పైన "ఇ.పి. నం." అని, దాని కింద "ఓ.ఎస్. నం." అని ఉంది. నాకు గుండె గుభేలుమంది. ఓఎస్ అంటే అసలు దావా. ఈపీ అంటే ఆ దావాలో డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, వచ్చేశాక, దాన్ని అమలు చేయించమని గెలిచినవాళ్లు వేసే పిటిషను. తన కేసు ఇప్పుడే మొదలవుతోందని ఆయన అనుకుంటున్నాడు. అది ఏడు నెలల కిందటే ముగిసిపోయింది.

"మరి దావా నడుస్తున్నప్పుడు కోర్టుకు రాలేదా?" అని అడిగితే, "యా కోర్టు సార్? నేను కోర్టు గడప తొక్కిందే లేదు" అన్నాడు. పెట్టుబడికి తెచ్చిన అప్పు, ప్రామిసరీ నోటు, వానలు లేక పంట పోవడం, మొగుడూ పెళ్లాలిద్దరూ బెంగళూరులో బిల్డింగు పనికి పోవడం, అంతా నిదానంగా చెప్పాడు. కోర్టు కాగితాలు అందించే అమీనా వచ్చి తాళం వేసిన తలుపుకు సమన్లు అంటించి వెళ్లాడట. వీళ్లు తిరిగి వచ్చేనాటికి సగం చినిగిన కాగితం తలుపుకు వేలాడుతోంది. "యాదో కోర్టు కాగితం, చినిగిపోయిండాది కదా, ఇంగ చెల్లదులే అనుకున్నా" అన్నాడు.

పాతికేళ్లుగా వకీలు గుమాస్తాగా పని చేస్తున్నాను. ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం, నకళ్లకు అర్జీలు పెట్టడం నా పని. వాదించడం లాయరుగారి పని. కానీ కోర్టుకొచ్చే మనిషి మొదట నోరు విప్పేది గుమాస్తా దగ్గరే. ఇన్నేళ్లలో నాకు తేటతెల్లమైన సంగతి ఒకటుంది. కోర్టు మాటల్లో చాలావాటి వెనక ఒక గడువు దాగి ఉంటుంది. మాట తెలియనివాడికి ఆ గడువు నడుస్తున్నట్టే తెలియదు. అందుకని ఇక్కడ ప్రతి పదానికీ అర్థం చెప్పుకుంటూ పోను. మనవాళ్లు ఎక్కడ తికమకపడి రోజులు పోగొట్టుకుంటున్నారో అక్కడే ఆగుతాను.

ఒకే పనికి మూడు పేర్లు

తికమకకు మొదటి కారణం మన కోర్టు భాష మూడు పొరలుగా ఉండటం. అడుగున నవాబుల నాటి పారశీ, ఉర్దూ మాటలు: వకీలు, దావా, వాయిదా, జామీను, జప్తు, నకలు, రాజీ. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలోనే ఉంది. కడప, అనంతపురం ప్రాంతాలు 1800లో నిజాం చేతి నుంచి కంపెనీకి వచ్చి దత్తమండలాలయ్యాయి. దొరలు మారినా కచేరీ మాటలు మారలేదు. వాటి మీద ఇంగ్లీషు మాటలు చేరాయి: సమన్లు, బెయిలు, డిక్రీ, స్టే. ఆపైన పత్రికలు, ప్రభుత్వ అనువాదాలు తెచ్చిన సంస్కృతపు మాటలు: అభియోగ పత్రం, యథాతథ స్థితి.

1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర తన పెద్ద నిఘంటువులతో ఊరుకోలేదు. ఇలా కలిసిపోయిన పరాయి మాటల కోసం విడిగా మిశ్రభాషా నిఘంటువు తయారుచేసి 1854లో అచ్చు వేయించాడు. ఆయన ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. అటు వెళ్లినప్పుడల్లా, ఈ గొడవ ఇవాళ్టిది కాదు కదా అనిపిస్తుంది నాకు.

పదాలు వలస వచ్చే దారిలో అర్థం తిరగబడటం కూడా ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే మన వాది. అదే తెలుగులో ముద్దాయి అయ్యేసరికి నేరం మోపబడినవాడైపోయాడు. ముద్దాయి అన్నా నిందితుడు అన్నా ఒకటే: ఆరోపణ ఉన్న మనిషి. నేరం రుజువై కోర్టు తేల్చాకే దోషి. ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కిన మర్నాటి నుంచే ఊళ్లో మనిషిని దోషిగా చూస్తారు. పెళ్లి సంబంధాలు కూడా ఆగిపోతాయి. ఇది చూసి చాలాసార్లు బాధపడ్డాను.

బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

ఈ పొరల గందరగోళం ఎక్కువగా దెబ్బకొట్టేది బెయిలు దగ్గరే. మనవాళ్లు బెయిలునూ జామీను అంటారు, హామీ నిలబడే మనిషినీ జామీను అంటారు. "జామీను దొరకలే సార్" అని ఒకామె ఏడుస్తూ వస్తే, కోర్టు బెయిలు ఇవ్వలేదేమో అనుకుంటాం. ఆర్డరు తెచ్చి చూస్తే బెయిలు వచ్చి పది రోజులైంది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. పాసుపుస్తకమో ఇంటి పన్ను రసీదో పట్టుకొని వచ్చి నిలబడేవాళ్లు ఊళ్లో దొరకలేదు. అందుకని కొడుకు ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇది బెయిలు రాకపోవడం కాదు. షరతులు తగ్గించమని అదే కోర్టులో పిటిషను వేసుకోవచ్చు. బెయిలబుల్ కేసులో అయితే, అరెస్టయిన వారంలోపు జామీను ఇచ్చుకోలేని మనిషిని పేదవాడిగానే ఎంచి, సొంత పూచీకత్తు మీద వదలాలని చట్టమే చెబుతోంది.

"నాన్‌బెయిలబుల్" అన్న మాట ఇంకా ఎక్కువ భయపెడుతుంది. బెయిలే రాదని దాని అర్థం కాదు. బెయిలబుల్ నేరంలో బెయిలు హక్కు, పోలీసు స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌బెయిలబుల్‌లో అది కోర్టు విచక్షణ. అంతే తేడా. ఎన్‌బీడబ్ల్యూ అనేది మళ్లీ వేరే సంగతి. వాయిదాకు రాకపోతే కోర్టు ఇచ్చే నాన్‌బెయిలబుల్ వారంటు అది. చిన్న కేసులో కూడా రావచ్చు. వచ్చిందని తెలిస్తే దాక్కోకుండా లాయరుతో కలిసి కోర్టులో హాజరై, ఆ వారంటును వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషను వేసుకోవాలి.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. అక్కడ మేజిస్ట్రేటు పంపేది రిమాండుకు. రిమాండు శిక్ష కాదు, దర్యాప్తు సాగేటప్పుడు ఉంచే కస్టడీ. దీనికీ గడువుంది. పదేళ్లు, ఆపైన శిక్షపడే నేరాలకు 90 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. దాన్ని డిఫాల్ట్ బెయిలు అంటారు. కానీ దానంతట అది ఇంటికి రాదు. చార్జిషీటు పడకముందే పిటిషను వేసి అడగాలి. 61వ రోజు ఆదివారమైందనో, లాయరు ఊళ్లో లేడనో ఆగితే, సోమవారం పొద్దున చార్జిషీటు పడొచ్చు. హక్కు చేజారిపోతుంది.

నంబర్లు మారాయి, జాగ్రత్త

2024 జులై 1 నుంచి, నేరాలకు శిక్షలు చెప్పే 1860 నాటి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ సెక్షన్లే పడతాయి. అందుకే కొన్నేళ్లపాటు కోర్టు వరండాలో రెండు రకాల నంబర్లూ వినిపిస్తూనే ఉంటాయి. హత్య అంటే 302 అని నోటికి వచ్చేస్తుంది. కొత్త సంహితలో హత్యకు 103. 302వ సెక్షన్ ఇప్పుడు మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలకు సంబంధించింది. మోసం 420 నుంచి 318కి, హత్యాయత్నం 307 నుంచి 109కి, భార్యను వేధించిన కేసు 498ఎ నుంచి 85కి మారాయి.

అన్నిటికన్నా తికమక సీఆర్‌పీసీలోని 482. నిన్నటిదాకా "482 వేశాం" అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషను వేశామని. ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాష్ 528కి వెళ్లింది. రెండూ వేరువేరు పనులు. ఒకటి అరెస్టు నుంచి కాపాడుతుంది, కేసు నడుస్తూనే ఉంటుంది. రెండోది కేసునే లేకుండా చేస్తుంది. మన దగ్గర అందరి నోటా నానిన 41ఎ నోటీసు కూడా ఇప్పుడు 35(3). ఏడేళ్ల దాకా శిక్షపడే కేసుల్లో, అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు ఇచ్చేది ఇది. పిలిచిన రోజుకు వెళ్లి సహకరిస్తే, కారణం రాతపూర్వకంగా చూపకుండా అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. భయంతో ఊరు విడిచిపోయి చేజేతులా అరెస్టు తెచ్చుకున్నవాళ్లను చూశాను.

ఎఫ్ఐఆర్ గురించి ఒక్క మాట. నంద్యాల దగ్గర బస్సులో నగలు పోతే, కడపలో దిగి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎక్కడ జరిగినా తీసుకొని, తర్వాత ఆ స్టేషన్‌కు పంపేదే జీరో ఎఫ్ఐఆర్. ఫిర్యాదికి నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

"కొట్టేశారు" అంటే ఏమి?

"కేసు కొట్టేశారు సార్" అని సంతోషంగా చెప్తారు. ఎవరు, ఎలా కొట్టేశారన్నది అడగందే నేను సంతోషపడను. హైకోర్టు క్వాష్ చేసిందా? చార్జిషీటు చూసి విచారణ అక్కర్లేదని కింది కోర్టు డిశ్చార్జి చేసిందా? డిశ్చార్జికి కొత్త చట్టంలో 60 రోజుల గడువు పెట్టారు. మేజిస్ట్రేటు కోర్టులో కాగితాల నకళ్లు చేతికి అందిన నాటి నుంచి, సెషన్స్ కేసయితే మేజిస్ట్రేటు దాన్ని అక్కడికి పంపిన (కమిట్ చేసిన) నాటి నుంచి లెక్క. లేక విచారణంతా జరిగి, సాక్షులు చెప్పింది విన్నాక నిర్దోషిగా విడుదల చేశారా? ఉద్యోగానికి దరఖాస్తు నింపే కుర్రాడికి ఈ తేడా చాలా ముఖ్యం.

సివిల్ దావాలో "కొట్టేశారు" అన్నది ఒక్కోసారి, వాది వాయిదాకు రాలేదు కాబట్టి డిఫాల్ట్ కింద డిస్మిస్ చేశారని మాత్రమే. దాన్ని తిరిగి తెరిపించుకోవచ్చు, 30 రోజుల్లోపు. బంట్రోతు వరండాలోకి వచ్చి మూడుసార్లు పేరు పిలిచినప్పుడు ఆ మనిషి టీ బంకు దగ్గర ఉంటాడు. వచ్చేసరికి పేరు దాటిపోయి ఉంటుంది. నేను అందుకే క్లయింటును హాలు తలుపు దగ్గరే కూర్చోబెడతాను. దాహమేసినా, "పిలుపయ్యాక తాగుదువులే నాయనా" అంటాను.

సివిల్ దావా: మౌనంగా ఉంటే ఓడినట్టే

మళ్లీ మా రైతు సంగతికి వస్తాను. దావా వేసినవాడు వాది, ఎవరి మీద వేశారో ఆయన ప్రతివాది. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా వెళ్లొచ్చు. రాకపోతే ఎక్స్‌పార్టీ అంటారు, అంటే నువ్వు లేకుండానే అవతలివాడి సాక్ష్యం విని తీర్పు చెప్పేస్తారు.

ఇక్కడ పల్లెల్లో ఒక నమ్మకం గట్టిగా ఉంది: కాగితం తీసుకోకపోతే అందనట్టే అని. పోస్టుమాన్‌ను తిప్పి పంపితే "తిరస్కరించారు" అని రాసుకొని పోతాడు. కోర్టు దాన్ని అందినట్టే లెక్కిస్తుంది. ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టి తీసుకున్నా అందినట్టే. పొలం నుంచి వచ్చాక కోడలు చెప్పడం మరిచిపోయిందనేది పెద్ద సాకుగా నిలబడదు.

ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి, డిక్రీ వచ్చిన నాటి నుంచి 30 రోజులు. సమన్లు సరిగ్గా అందలేదని చూపగలిగితే, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి 30 రోజులు. అందుకే ఆయన్ను మొదట అడిగింది, "ఈపీ కాగితం ఏ రోజు చేతికొచ్చింది?" అని. ఆయనకు గుర్తులేదు. సంత రోజు అన్నాడు. ఏ సంత అంటే చెప్పలేకపోయాడు. కవరు మీద పోస్టు ముద్ర చూసి, వేళ్ల మీద లెక్కబెట్టి, ఇంకా పదకొండు రోజులున్నాయని తేల్చాను. ఆ కవరు పారేసి ఉంటే?

నోటుకూ ఆయువుంది. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి 3 ఏళ్లు. దాటితే కాలదోషం పట్టిందంటారు. అప్పిచ్చినవాడు గడువు దగ్గరపడగానే, "వంద రూపాయలు చెల్లు వేద్దాం, ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు. గడువులోపు డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఇచ్చినవాడికి అది న్యాయమే. కానీ పెట్టేవాడికి తను ఏం పెడుతున్నాడో తెలియాలి. చెక్కు అయితే గడువులు ఇంకా బిగువు. బ్యాంకు నుంచి బౌన్స్ మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి.

డిక్రీ వస్తే దాని అమలుకు 12 ఏళ్ల గడువు ఉంటుంది. అయితే ఈపీ వచ్చిందంటే అన్నీ వేలం వేస్తారని హడలిపోనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం రైతు, కూలీ కాపురముండే సొంత ఇంటిని జప్తు చేయకూడదు. సేద్యపు పనిముట్లు, బతుకుదెరువుకు అవసరమైన ఎద్దులు, విత్తనం కూడా అంతే. తాకట్టు పెట్టిన ఇల్లయితే సంగతి వేరు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో కొంచెం నెత్తురు వచ్చింది.

స్టే అన్నీ స్టే కావు

గట్టు తగాదాల్లో ప్రతి ఆర్డరునూ "స్టే" అనేస్తారు. ఒక మనిషిని ఫలానా పని చేయొద్దని ఆపేది ఇంజక్షన్. కింది కోర్టు లేదా ఆఫీసు ఉత్తర్వు అమలును ఆపేది స్టే. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టు ఉంచండి అనేది స్టేటస్ కో, అంటే యథాతథ స్థితి. స్టేటస్ కో ఇస్తే ఎవరి స్వాధీనమూ తేలినట్టు కాదు. "కోర్టు నాకే ఇచ్చింది" అని ట్రాక్టరు దించితే ధిక్కరణ కింద మూడు నెలల దాకా సివిల్ జైలు పడొచ్చు. అవతలివాళ్లు మనకు తెలియకుండా ఇంజక్షన్ తెచ్చుకుంటారేమోనని అనుమానముంటే కేవియట్ వేసుకోవాలి. అది 90 రోజులు నిలుస్తుంది. ఆ లోపు మనల్ని వినకుండా ఆర్డరు ఇవ్వరు.

పై కోర్టు, లోక్ అదాలత్

తీర్పు నచ్చకపోతే అప్పీలు. సివిల్‌లో జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90. క్రిమినల్‌లో శిక్ష పడితే మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్‌కు 30, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60. తీర్పు నకలు ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు. అందుకే తీర్పు చదివిన రోజే నకలుకు అర్జీ పెడతాను. క్లయింటు ఏడుస్తున్నా సరే, ముందు వకాలతు ఫైలు తీసి అర్జీ రాస్తాను. మన సీమవాళ్లకు హైకోర్టు ఎప్పుడూ దూరమే. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు అది గుంటూరులో, తర్వాత హైదరాబాదులో, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో. ఆదోని మనిషికి ఆ ప్రయాణమే రెండు రోజుల కూలి.

రాజీకి సిద్ధపడితే లోక్ అదాలత్ ఉంది. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అక్కడ రాజీ మీద రాసే ఉత్తర్వును అవార్డు అంటారు, అది డిక్రీతో సమానం. కానీ దాని మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ కాగితం తెలుగులో చదివించుకోండి, రెండుసార్లు. అర్థం కాకపోతే జడ్జిగారినే అడగండి, తప్పు లేదు.

లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లకు ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పొందొచ్చు. 15100కు ఫోన్ చేస్తే చాలు. బెయిలు వచ్చి పది రోజులైనా కొడుకు ఇంటికి రాలేదని ఏడ్చినామెకు ఈ నంబరు తెలియదు.

మా రైతు తరఫున డిక్రీ రద్దుకు పిటిషను వేశాం. దానికి ఐఏ నంబరు పడింది. ఐఏ అంటే కేసు లోపల వేసే చిన్న పిటిషను. ఖర్చులు కట్టాలనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయాలనో కోర్టు షరతు పెట్టొచ్చని ముందే చెప్పాం. అది ఇంకా నడుస్తోంది. ఆయన వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఎరువుల సంచి కత్తిరించి కుట్టించుకున్న చిన్న సంచిలో కాగితాలు తెస్తాడు. ఒక్కోదాని వెనక బాల్‌పెన్నుతో తేదీ, ఎవరు తెచ్చి ఇచ్చారో రాసి ఉంటుంది. మొన్న బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం కూడా తెచ్చి నా ముందు పెట్టాడు. దాని వెనకా తేదీ ఉంది, కింద "పోస్టుమాన్ ఇచ్చినాడు, పొద్దున" అని ఉంది.